కాల్షియం చానల్‌కూ వెసికిల్‌కూ మధ్య దూరం: తరగతిలో మీరెలా చెబుతున్నారు?

బెజవాడ లెక్చరర్:
మా డిగ్రీ కళాశాలలో నిన్న సినాప్స్ (ఒక నాడీకణం మరో కణానికి సంకేతం అందించే కూడలి) పాఠం చెబుతూ, అలవాటు ప్రకారం బోర్డు మీద నాడీ కొనకు ఒక మూల కాల్షియం లోపలికి వచ్చే ద్వారమైన చానల్‌నూ, మరో మూల ఆ కాల్షియం అందగానే సంకేత రసాయనాన్ని బయటికి విడుదల చేసే చిన్న సంచులైన వెసికిళ్లనూ గీశాను. మూడో బెంచీ అమ్మాయి లేచి, "అంత దూరం వెళ్లేలోపు కాల్షియం పలచబడిపోదా మేడం?" అని అడిగింది. ఆ అమ్మాయి అన్నదే నిజం; ఇన్నేళ్లుగా నేను గీస్తున్న బొమ్మే తప్పు. చానల్ తెరుచుకున్నప్పుడు దాని మూతి దగ్గర పెరిగే కాల్షియం గాఢత కొన్ని పదుల నానోమీటర్లు దాటేసరికి బాగా పడిపోతుంది. వెసికిల్ వ్యాసమే సుమారు 40 నానోమీటర్లు. ఈ రెంటినీ పక్కపక్కన నిలిపే స్కాఫోల్డ్ ప్రోటీన్ల గురించి మీరు ఎంతవరకు చెబుతున్నారు?

గుంటూరు పరిశోధక విద్యార్థి:
నేను ముందుగా రిమ్ ప్రోటీన్ గురించే చెబుతాను మేడం. అది ఒక కొసతో వెసికిల్ మీది రాబ్3 అనే ప్రోటీన్‌నూ, వెసికిల్‌ను విడుదలకు సిద్ధం చేసే మంక్13 ప్రోటీన్‌నూ పట్టుకుని, నడుమనున్న పీడీజెడ్ భాగంతో కాల్షియం చానల్ తోకను పట్టుకుంటుంది. రిమ్-బీపీ అనే మరో ప్రోటీన్ అటు రిమ్‌నూ ఇటు చానల్‌నూ కలిపి మరింత బిగిస్తుంది. దూరం సంగతికి స్క్విడ్ సినాప్స్ ప్రయోగం చెప్పండి. ఈజీటీఏ, బాప్టా అనే రసాయనాలు రెండూ కాల్షియాన్ని ఇంచుమించు ఒకే బలంతో పట్టుకుంటాయి, కాని ఈజీటీఏది నిదానం. బాప్టా ఎక్కిస్తే విడుదల తగ్గింది, ఈజీటీఏతో దాదాపు తగ్గలేదు. ఈజీటీఏ అందుకునేలోపే కాల్షియం వెసికిల్‌ను చేరుతోందన్నమాట.

బ్రాడీపేట డాక్టర్:
హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు చూసిన ఒక రోగి ఇప్పటికీ కళ్లముందు మెదులుతారు. నా వేళ్లను పట్టుకోమంటే మొదట పట్టే లేదు. పది సెకన్లు గట్టిగా బిగించమన్నాక అదే చేయి బలం పుంజుకుంది. అది లాంబర్ట్-ఈటన్ వ్యాధి. రోగి సొంత యాంటీబాడీలే నాడి కండరాన్ని కలిసే చోట నాడీ కొనలోని పీ/క్యూ రకం కాల్షియం చానళ్ల మీద దాడి చేయడంతో, వరుసలు కట్టి ఉండాల్సినవి తగ్గిపోయి చెదిరిపోతాయి. వెంటవెంటనే సంకేతాలు వస్తే కాల్షియం కొంత పోగుపడి విడుదల పెరుగుతుంది. మీ పాఠం పక్కన ఈ చేతిపట్టును చెబితే పిల్లలు మరచిపోరు.

తెనాలి ఈగల ల్యాబ్:
2006లో బ్రూక్‌పైలట్ ప్రోటీన్ లేని పండ్ల ఈగల్లో యాక్టివ్ జోన్‌లోని (నాడీ కొనలో వెసికిళ్ల విడుదల జరిగే చోటు) టీ ఆకారపు కట్టడాలు మాయమయ్యాయని, కాల్షియం చానళ్లు సరిగా గుమికూడలేదని తేలింది. జర్మన్‌లో ఆ పేరుకు విమానం కూల్చుకునే పైలట్ అని అర్థం; ఆ ప్రోటీన్ తగ్గిన ఈగలు సరిగా ఎగరలేకపోయాయి.

బెజవాడ లెక్చరర్:
అందరికీ కృతజ్ఞతలండి. సోమవారం ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి, చానల్‌ను వెసికిల్ కిందికి జరిపించి, రెంటి నడుమ రిమ్‌ను ఆమె చేతనే గీయిస్తాను.