ఒకేసారి రికార్డు చేసిన రెండు ట్రాకులు క్రమంగా ఒకదానికొకటి దూరమవుతున్నాయి
చెన్నైలోని మా ఇంట్లో, విండోస్ 11 కంప్యూటరులో గాత్రాన్ని యూఎస్‌బీ మైకుతోనూ, మృదంగాన్ని విడిగా ఒక ఆడియో ఇంటర్‌ఫేసుతోనూ (మైకు ధ్వనిని కంప్యూటరుకు అందించే పెట్టె) ఒకేసారి రెండు ట్రాకులుగా రికార్డు చేస్తున్నాను. మొదట్లో కొట్టిన చప్పట్లు రెండింటిలోనూ సరిగ్గా కలుస్తాయి గాని, 20 నిమిషాలయ్యేసరికి మృదంగం సుమారు 60 మిల్లీసెకన్లు వెనకబడుతోంది. ఆది తాళం సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) దగ్గర ఆ తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

రెండు పరికరాల శాంపిల్ రేటూ (సెకనుకు ధ్వనిని కొలిచే సార్లు) 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంది, శ్రుతి మారడం లేదు. బఫరును (ధ్వనిని తాత్కాలికంగా ఉంచే నిల్వ) 256 నుంచి 1024 శాంపిళ్లకు పెంచినా, యూఎస్‌బీ పోర్టు మార్చినా ఫలితం లేదు. ఆలస్యాన్ని సవరించే సెట్టింగు ట్రాకు మొత్తాన్ని ఒకే మేర జరుపుతుందే తప్ప, పెరుగుతూ పోయే తేడాను ఆపదు. రెండింటి లోపలి గడియారాలు (శాంపిళ్ల వేగాన్ని నడిపేవి) వేరు కావడమే కారణమని నా అనుమానం.

కొత్త ఇంటర్‌ఫేసు కొనకుండా, రికార్డు చేసేటప్పుడే ఈ రెండు పరికరాలనూ ఒకే గడియారానికి కట్టే మార్గం ఏదైనా ఉందా?