అప్‌డేట్ (సాల్వ్డ్): ఫైల్ ఉన్నా డాకర్‌లో ‘నో సచ్ ఫైల్’ ఎర్రర్

డాకర్‌లో యాప్‌ని ఇమేజ్‌గా ప్యాక్ చేసి, కంటైనర్‌గా రన్ చేస్తాం. కంటైనర్ మొదలవగానే రన్ అవ్వాల్సిన ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ ఇమేజ్‌లో ఉన్నా, కంటైనర్ ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ (అలాంటి ఫైల్ లేదు) అని ఆగిపోతోందని అడిగాను కదా, తేలిపోయింది. లైన్ ఎండింగ్స్ (లైన్ ముగిసిందని చెప్పే కనిపించని క్యారెక్టర్లు) చూడమన్నవాళ్ళకి థాంక్స్, విషయం అదే.

లైన్ చివర లైనక్స్ ఎల్‌ఎఫ్ ఒక్కటే వాడుతుంది, విండోస్ దాని ముందు సీఆర్ కూడా పెడుతుంది (సీఆర్‌ఎల్‌ఎఫ్). విండోస్‌లో గిట్ (కోడ్ వెర్షన్లు దాచే టూల్) సెట్టింగ్ ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ‘ట్రూ’గా ఉండటంతో, స్క్రిప్ట్ సీఆర్‌ఎల్‌ఎఫ్‌తో చెకౌట్ అయింది, అంటే డిస్క్ మీదికి వచ్చింది. షెబ్యాంగ్ లైన్ (స్క్రిప్ట్‌ని ఏ షెల్‌తో నడపాలో చెప్పే మొదటి లైన్) చివర కనిపించని సీఆర్ అంటుకుంటే, లైనక్స్ ఆ తోకతో సహా షెల్ పేరు వెతుకుతుంది. దొరకనిది షెల్, మెసేజ్‌లో వేసేది మాత్రం స్క్రిప్ట్ పేరు. ఎవరికి తడుతుంది చెప్పండి!

డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే గిట్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఎస్‌హెచ్ ఫైళ్ళకి (షెల్ స్క్రిప్టులకి) ఈఓఎల్ (లైన్ ఎండింగ్) విలువ ఎల్‌ఎఫ్ అని పెట్టాను. అంతమాత్రాన డిస్క్ మీదున్న పాత ఫైల్ మారదు. దాన్ని డిలీట్ చేసి, మళ్ళీ చెకౌట్ చేసి, ఇమేజ్ రీబిల్డ్ చేశాకే కంటైనర్ లేచింది.

సీహెచ్‌మోడ్‌కీ (ఫైల్ పర్మిషన్లు మార్చే కమాండ్), ఇమేజ్‌కి ఆల్పైన్ లైనక్స్ బదులు డెబియన్ లైనక్స్ వాడటానికీ దీనితో సంబంధం లేదు.