అప్‌డేట్: అమ్మ వార్ఫరిన్ మార్చట్లేదు

అమ్మకి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు గదుల మధ్య కవాటం) బాగా ఇరుకైంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉంది, పైగా కిడ్నీ జబ్బు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ బదులు తరచూ రక్తపరీక్షలు అక్కర్లేని కొత్త మందు వాడొచ్చా అని అడిగాను కదా. డాక్టర్లు వద్దన్నారు. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వ్ ఇలా దెబ్బతిన్నవాళ్లకి వార్ఫరినే మేలని 2022లో ఇన్‌విక్టస్ అధ్యయనం తేల్చిందట. అందులో రివరాక్సాబాన్ అనే కొత్త మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ. ఇది విన్నాక నాకూ మనసు కుదుటపడింది.

ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే పరీక్ష) 2–3 మధ్య ఉండాలి. మొన్న ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వేస్తే ఒక్కసారిగా పెరిగి, చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. దయచేసి ఏ డాక్టర్ కొత్త మందు రాసినా వార్ఫరిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి.

కిడ్నీల దృష్ట్యా గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ డోసు తగ్గించారు, వికారం పోయింది. ఆయాసం మాత్రం అలాగే ఉంది. బెలూన్‌తో వాల్వ్ తెరవాలంటే గుండె ఎడమ పై గదిలో రక్తపు గడ్డ లేదని ముందు చూడాలట. ఆ పరీక్ష వచ్చే వారం.