అప్‌డేట్: కుట్టుమిషన్‌లో గుడ్డ అడుగున ఉచ్చులు పోయాయి, తప్పు పైదారంలో ఉంది

కావలికి ఇల్లు మారాక కాలి మిషన్ మీద కుర్తా కుడుతుంటే గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడుతున్నాయని అడిగాను కదా. అడుగుదారం ఉండే బాబిన్ కేసు మరను ముట్టుకోకండి. ఉచ్చులు అడుగున పడితే చూడాల్సింది పైదారాన్నే.

గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. పాదం ఎత్తి ఎక్కించి, దించాక లాగి చూడండి. బిగువు తెలియాలి. పాప్లిన్‌కి 14 నంబరు సూది, పల్చటి వాయిల్‌కి 11. సూది మీది పొడుగు గాడి దారం దూర్చే వైపే ఉండాలి. తిరగబడితే కుట్లు తప్పుతాయి.

మిషన్ చక్రాన్ని తిప్పే తోలు బెల్ట్ జారుతుంటే ఒక్క అరంగుళం కోసి, కొత్త బెజ్జం పెట్టి క్లిప్పు వేయాలి. ఎక్కువ కోస్తే తొక్కడమే బరువైపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా.

ఇక్కడ ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. బాబిన్ కేసు ఉండే షటిల్ దగ్గర ఒక చుక్క మిషన్ నూనె వేసి, ముందు పాతగుడ్డ మీద కుట్టండి, లేకుంటే కొత్తబట్టకి మరక. నూలుబట్టని కత్తిరించే ముందే రాత్రంతా నానబెట్టండి, ఉతికాక కురచవదు.