అప్‌డేట్: టోలీచౌకీలో మా పై పోర్షన్ అఫ్ఘాన్ ఆవిడకి వీసా వచ్చింది

జర్మనీలో శరణార్థిగా గుర్తింపు పొందిన భర్త దగ్గరికి వెళ్లడానికి ఆవిడ, పిల్లాడు ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నారని, మళ్లీ కొత్తగా అప్లై చెయ్యాలా అని అడిగాను కదా. వద్దు, ఉన్న ఫైల్ ఎక్కడ ఆగిందో ముందు కనుక్కోండి అన్నవాళ్లకి థాంక్స్, అదే పనిచేసింది.

అక్కడి లాయర్ ఫైల్ తెప్పించి చూస్తే పిల్లాడి జనన పత్రం అడుగుతూ పంపిన మెయిల్ ఆవిడ వాడటం మానేసిన పాత ఐడీకి పోయింది, ఇన్ని నెలల టెన్షన్ దానికే! పత్రం పంపాక కదిలింది.

వీసాకి భర్త జీతం చూపించాలన్న భయం అనవసరం. గుర్తింపు వచ్చిన మూడు నెలల్లోపే భర్త అక్కడ దరఖాస్తు పెట్టాడు కాబట్టి ఆ షరతు వర్తించలేదు. పెళ్లి ఆయన జర్మనీ వెళ్లకముందే అయింది కాబట్టి ఎ1 (మొదటి స్థాయి) జర్మన్ భాషా పరీక్ష కూడా అక్కర్లేదు (పాపం, కోచింగ్ ఫీజు కట్టేసింది). యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐరాస శరణార్థుల సంస్థ) ఇచ్చిన కార్డు వీసాకి ఉపయోగపడలేదు. ఇక్కడి నుంచి వెళ్లడానికి ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) నుంచి ఎగ్జిట్ పర్మిషన్ మాత్రం విడిగా తీసుకోవాల్సి వచ్చింది, టికెట్ కొనేముందే చూసుకోండి.