సమస్యాపూరణం: వేయి దుస్తులు గలవాడు విడిచె సిగ్గు

ఈసారి తేటగీతి అనే ఛందస్సులో చివరి పాదం ఇచ్చాను, దానికి ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి. బ్రసెల్స్‌లో ఓ వీధి మలుపు దగ్గర ఉచ్చపోస్తూ నిలబడ్డ కంచు పిల్లాడు మన్నెకెన్ పిస్ ఉన్నాడే, వాడి మీదే పూరించాలి. ఎత్తు 55.5 సెంటీమీటర్లు, మూర కన్నా కాస్త ఎక్కువ అంతే, అయినా ఊరు ఊరంతా వాణ్ణి ముద్దు చేస్తుంది, వెయ్యికి పైగా డ్రెస్సులు కుట్టించి ఇచ్చారు, వాటికోసం 2017లో విడిగా మ్యూజియమే పెట్టారు, బట్టలు మార్చేటప్పుడు బ్యాండు మేళం కూడా. విప్పగానే మళ్లీ దిసమొలే!

పద్యాభిమాని:
కంచు బుడతడు వీధిలో కాపురమ్ము
చేసె నన్నూరు వత్సరాల్ చెదరలేదు
నీటి ధారకు తెరయేల? నిక్కుతోడ
వేయి దుస్తులు గలవాడు విడిచె సిగ్గు

నిర్వాహకుడు: "నిక్కుతోడ" అని సమస్యలోకి జారిన తీరు చాలా బాగుందండీ, నడుం వెనక్కి వంచి నిలబడే వాడి పోజు కళ్లకి కట్టింది. నన్నూరేళ్ల లెక్క కూడా సరే, డ్యుకెన్వా అనే శిల్పికి పని అప్పగించింది 1619లో. కానీ "చెదరలేదు" దగ్గర ఆగిపోయాను. 1817లో ఒక దొంగ ఎత్తుకుపోతే బొమ్మ ముక్కలై దొరికింది కదా. ఇప్పుడు వీధిలో ఉన్నది నకలు, పాతది ఊరి నడిబొడ్డున ఉన్న గ్రాన్ ప్లాస్ చౌక్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉంది.

పాత విద్యార్థి:
రాజు పంపిన జలతారు రంగు కోటు
నేడు తొడిగిరి రేపది పెట్టెలోన
మేను తడియగ నీటితో మెరయుచుండ
వేయి దుస్తులు గలవాడు విడిచె సిగ్గు

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి, "నే"కి "పె" కుదరదు. "రేపది నిదురపోవు" అంటే సరిపోతుంది, పెట్టె అనకుండానే పెట్టె కనిపిస్తుంది కూడా. ఆ కోటు సంగతి ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండేది. 1747లో ఫ్రెంచి సైనికులు బొమ్మని ఎత్తుకుపోబోతే ఊరు భగ్గుమంది, అప్పుడు పదిహేనో లూయీ రాజు ఊరిని శాంతింపజేయడానికి పంపిన జరీబట్టలవి. మూరెడు బొమ్మ కోసం రాజు దిగొచ్చాడు, పద్యానికి అంతకన్నా ఏం కావాలి!

కొత్త సభ్యురాలు:
నగరి గోడల నిప్పంటు నాటి కథను
ఒత్తి నార్పెను చిన్నవాడుచ్చపోసి
ఊరు బతికిన చాలంచు నుబ్బిపోయి
వేయి దుస్తులు గలవాడు విడిచె సిగ్గు

పాత విద్యార్థి: శత్రువులు ఊరి గోడకి పెట్టిన మందుగుండు ఒత్తిని ఈ పిల్లాడు ఆర్పేశాడన్న కథ తీసుకున్నారు, సంతోషం. కానీ ఆనాటికి వాడికి వెయ్యి దుస్తులెక్కడివి? కాలం కుదరట్లేదు.

కొత్త సభ్యురాలు: అప్పుడు సిగ్గు విడిచాడు కాబట్టే తరవాత అన్ని బట్టలు వచ్చాయి అనుకుని రాశానండీ.

నిర్వాహకుడు: ఆ అన్వయం నాకు నచ్చింది, పద్యంలోనే ఆ మాట పడితే ఇంకా నిలబడుతుంది. "ఒత్తి"కి "వాడుచ్చ"లో ఉకారంతో స్వరయతి (అచ్చులు కలిసే యతి) వేశారు, ఉచ్చ అనే మాటని యతిస్థానంలో అంత దర్జాగా కూర్చోబెట్టడం నేనైతే ఇదే చూడటం.

పద్యాభిమాని: నా రెండో పాదం మార్చాను, ఒక్క మాటే:
చేసె నన్నూరు వత్సరాల్ చెదరి నిలిచె

నిర్వాహకుడు: ఇదండీ! ముక్కలవడం, మళ్లీ నిలబడటం రెండూ వచ్చేశాయి. ఈసారికి మొదటి స్థానం మీ పద్యానికే.