ఆబ్లేషన్‌కు ‘ఆహుతి’ ఒక్కటే సరిపోతుందా?

ఆబ్లేషన్ (oblation) అంటే దైవానికి సమర్పించడం, అలా సమర్పించినది. ‘సంధ్యవేళ వారు ఆబ్లేషన్లు పోశారు’ అన్న ఆంగ్ల వాక్యాన్ని నిఘంటువు చూసి ‘ఆహుతులు పోశారు’ అని తెలిగించాననీ, అది మనసుకు పట్టలేదనీ, మరో మాట ఉంటే చెప్పమనీ అడిగారు. మీ అనుమానం సబబైనదే. ఆ వాక్యంలో నిప్పు ఎక్కడా లేదు. నిప్పు లేనిచోట ఆహుతి ఉండదు.

ముందు ఆంగ్ల పదం సంగతి చూద్దాం. ఆఫర్, ఆబ్లేషన్ రెండూ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చినవే. ‘ఎదుటికి’ అనే అర్థమిచ్చే ‘ఆబ్’ ఉపసర్గకు, ‘మోయు, తెచ్చు’ అనే అర్థమున్న ‘ఫెర్రే’ క్రియ చేరితే ‘ఎదుటికి తెచ్చి ఉంచడం’ అవుతుంది. ఈ ‘ఫెర్రే’కు వర్తమానంలో ఒక రూపం, భూతకాల విశేషణంలో ‘లాటుస్’ అనే పూర్తిగా వేరే రూపం ఉండడం వల్ల ఇంగ్లీషులోకి జంటలు జంటలుగా మాటలు వచ్చాయి: ట్రాన్స్‌ఫర్–ట్రాన్స్‌లేట్, రిఫర్–రిలేట్, అలాగే ఆఫర్–ఆబ్లేషన్. సంస్కృతంలోని ‘భృ’ ధాతువు ఆ ‘ఫెర్రే’కు దాయాదే కనుక మన భారం, భరించడం కూడా ఆ కుటుంబంలోనివే. ప్రాచీన ఆంగ్లంలో ఆఫర్ అన్న క్రియకు దేవుడికి అర్పించడమనే అర్థమే ప్రధానం; ఇవ్వజూపడం, ప్రతిపాదించడం అన్న లౌకికార్థాలు తర్వాత ఫ్రెంచి ప్రభావంతో బలపడ్డాయి. ఇప్పుడు ఆఫర్ బజారు మాటైపోయింది, ఆబ్లేషన్ మాత్రం బలిపీఠం దగ్గరే ఉండిపోయింది. క్రైస్తవ ఆరాధనలో రొట్టెనూ ద్రాక్షారసాన్నీ అర్పించడాన్ని ఈ మాటతోనే చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వైద్యులు వాడే అబ్లేషన్ వేరే మాట. అందులోనూ ఉన్నది ఆ ‘లాటుస్’ అయినా ముందున్న ఉపసర్గ ‘ఆబ్’ కాదు, ‘దూరంగా’ అనే అర్థమిచ్చే ‘అబ్’. ఒకటి ఎదుటికి తెచ్చి పెట్టడం, మరొకటి తొలగించి పారవేయడం. తెలుగు లిపిలో రెండింటికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా కనుక, గుండె చికిత్స గురించిన వ్యాసంలో ఆహుతి ప్రత్యక్షమైతే తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోనక్కరలేదు.

దీర్ఘం ప్రసక్తి వచ్చింది కనుక మన వైపు కూడా చూడాలి. ‘హు’ అంటే నిప్పులో వేల్చడం. ఆహుతి, హోమం, హవిస్సు, హోత దాని సంతానమే. ‘హ్వే’ అంటే పిలవడం. ఆహ్వానం, ఆహూతుడు దాని నుంచి వచ్చాయి. ఒక సభ ఆహ్వానపత్రం అచ్చుప్రతిలో ‘ఆహుతులందరికీ విందు ఏర్పాటు చేయబడినది’ అన్న వాక్యం నా కంటబడింది. పిలిచిన అతిథులను హోమగుండంలో వేయడం నిర్వాహకుల ఉద్దేశం కాదు కనుక, హుకారానికి దీర్ఘమిచ్చి తిరిగి పంపాను.

ఆహుతికి తెలుగులో ఆబ్లేషన్‌కు లేని మరో వాడుక ఉంది. ‘గోదాము అగ్నికి ఆహుతైంది’ అని పత్రికలు రాస్తాయి. అక్కడ ఇచ్చినవాడూ లేడు, పుచ్చుకున్న దేవుడూ లేడు, కాలిపోవడం ఒక్కటే మిగిలింది. ఆంగ్లంలో ఆ గోదామును ఆబ్లేషన్ అంటే వెటకారమవుతుంది. అంటే ఈ రెండు మాటలు కొంత మేరకే కలుస్తాయి.

అసలు తేడా ఇది: ఆంగ్లం ఇచ్చే క్రియను చూసి పేరు పెడితే, మనం ఇచ్చే వస్తువునూ, అది చేరే చోటునూ చూసి పేరు పెడతాం. నిప్పులో వేస్తే ఆహుతి, తృప్తి కోసం నీరు వదిలితే తర్పణం, పూజార్హులకు చేతికి నీళ్లిస్తే అర్ఘ్యం, తినేదాన్ని ఎదుట పెడితే నివేదన. నివేదనకు మూలార్థం తెలియజేయడమే, అందుకే దరఖాస్తుకూ దైవానికి పెట్టే అన్నానికీ ఆ ఒక్క ధాతువే చాలింది. తెలుగు బైబిలు అనువాదకులకూ ఈ చిక్కు తెలుసు. లేవీయకాండములో దహించేదానికి దహనబలి అనీ, పిండితో చేసినదానికి నైవేద్యము అనీ విడదీశారు. పోసేదాన్ని మరోచోట పానార్పణము అన్నారు. ఆంగ్లంలో ఈ మూడింటికీ చివర ఉన్నది ఆఫరింగ్ అన్న ఒకే మాట.

బలి విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. రఘువంశం మొదటి సర్గలో దిలీపుడు ప్రజల నుంచి ‘బలి’ తీసుకున్నాడంటే పన్ను తీసుకున్నాడని అర్థం. ఇవాళ ఆ మాట వినగానే కత్తి గుర్తొస్తుంది కనుక, అది శాక్రిఫైస్‌కు దగ్గర, ఆబ్లేషన్‌కు దూరం. శాక్రిఫైస్‌లో పోగొట్టుకోవడం మీద ఊనిక, ఆబ్లేషన్‌లో సమర్పించడం మీద. ద్రవాన్ని పోయడానికైతే ఆంగ్లంలోనే లైబేషన్ అన్న సూటి మాట ఉండగా మీ రచయిత దాన్ని ఎందుకు వదిలేశారో నాకు తట్టలేదు.

వ్యుత్పత్తిని బట్టి చూస్తే అచ్చంగా సరిపోయేది ఉపహారం: ‘ఉప’ అంటే దగ్గరికి, ‘హృ’ అంటే తేవడం. గీతలో ‘పత్రం పుష్పం ఫలం తోయం’ శ్లోకంలోని ‘భక్త్యుపహృతం’ ఈ మాటే. కానీ తెలుగులో దీన్ని వాడితే చదివేవారు దీర్ఘం చేర్చుకుని ఉపాహారంగా, అంటే ఫలహారంగా అర్థం చేసుకునే ప్రమాదముంది. శాస్త్రానికి సరిపోయినా వాడుకకు సరిపడదు. సమర్పణ సినిమా పేర్లలో నిర్మాతల పక్కన నిలబడి కొంత అరిగిపోయింది. అర్పణ మాత్రం ఇంకా మచ్చపడలేదు. ‘ఋ’ ధాతువుకు ప్రేరణార్థకం చేస్తే ‘చేరేలా చేయడం’ అని కనుక అర్థం కూడా ఆఫర్ మూలార్థానికి పక్కనే ఉంది. వస్తువేమిటో తెలియనప్పుడు నేను దాన్నే ఎంచుకుంటాను.

ఇక మీ వాక్యం. ముందు వెనుకల పేరాల్లో హోమగుండం ఉంటే ‘ఆహుతులిచ్చారు’ అనండి. పితృదేవతల ప్రసక్తి ఉంటే ‘తర్పణాలు వదిలారు’ అనండి. ఆ రెండూ లేకపోతే, ‘పోశారు’ అన్న క్రియను వదులుకోకుండా, ‘సంధ్యవేళ వారు అర్పణగా ధార పోశారు’ అని రాయవచ్చు. ధారపోయడంలో ద్రవం ఉంది, ఇచ్చేయడమూ ఉంది.